ప్రవచన వరం, ఇతర ఆత్మీయ వరాలు: గోదావరి డెల్టా విశ్వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

నరసాపురం నుంచి అమలాపురం వరకు, అటు కాకినాడ దాకా, డెల్టాలోని చాలా ఊళ్ళలో లూథరన్ గుడి, బాప్టిస్టు చర్చి, బ్రదరెన్ అసెంబ్లీ, బైబిలు మిషను మందిరం, పెంతెకొస్తు షెడ్డు ఒకదానికొకటి కూతవేటు దూరంలోనే ఉంటాయి. అత్తగారు ఒక సంఘానికీ కోడలు మరొక సంఘానికీ వెళ్ళే ఇళ్ళు కూడా తక్కువేమీ కాదు. అందువల్ల ప్రవచనం అనే మాట ఒక ఇంట్లోనే ఒకరికి ఆశగానూ మరొకరికి అనుమానంగానూ వినిపిస్తుంది. ఉపవాస కూటాల తరువాత, సువార్త సభల తరువాత, ఆసుపత్రి వరండాల్లో విశ్వాసులు అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చి, వాక్యం ఆధారంగా సమాధానాలు ఇస్తున్నాము. లేఖన భాగాల సంఖ్యలు ఇచ్చినచోట బైబిలు తెరిచి, ముందువెనుకల వచనాలతో సహా చదువుకోవలసిందిగా మనవి.

ఆత్మీయ వరాలు అంటే ఏమిటి? అవి ఎన్ని?

సంఘమంతటి మేలు కోసం పరిశుద్ధాత్మ విశ్వాసులకు తన ఇష్టప్రకారం పంచి ఇచ్చే సామర్థ్యాలే ఆత్మీయ వరాలు. మొదటి కొరింథీ పత్రిక 12:8–10లో పౌలు తొమ్మిది వరాలు చెప్పాడు: బుద్ధి వాక్యం, జ్ఞాన వాక్యం, విశ్వాసం, స్వస్థపరచే వరాలు, అద్భుతకార్యాలు, ప్రవచనం, ఆత్మల వివేచన, నానావిధ భాషలు (తాను నేర్చుకోని భాషల్లో ఆత్మ ప్రేరణతో మాట్లాడడం; అన్యభాషలు అన్నా ఇవే), భాషల అర్థం చెప్పడం. మన సభల్లో ఎక్కువగా వినబడేది ఈ జాబితాయే. అయితే అదే అధ్యాయం చివర ఉపకారాలు చేయడాన్నీ సంఘ నిర్వహణనూ అదే వరుసలో చేర్చాడు. రోమా 12:6–8లో బోధ, పరిచర్య, పంచిపెట్టడం, పైవిచారణ, కరుణించడం ఉన్నాయి; ఎఫెసీ 4:11లో మనుష్యులనే వరాలుగా చెప్పాడు; పేతురు తన మొదటి పత్రిక 4:10–11లో వరాలన్నిటినీ మాట్లాడేవి, ఉపచారం చేసేవి అని రెండు మాటల్లో ముగించాడు. ఈ జాబితాలు ఒకదానితో ఒకటి సరిపోవు గనుక, వరాలు తొమ్మిదేనని లెక్క కట్టి పరీక్షలు పెట్టడానికి ఆధారం లేదు.

మంచం పట్టిన ముసలమ్మ ఇంటికి రోజూ మధ్యాహ్నం గిన్నెలో అన్నం పట్టుకెళ్ళే సోదరిని ఏ సభలోనూ వేదిక మీదికి పిలవరు. సంఘం డబ్బు ప్రతి రూపాయికీ చీటీ రాసి ఉంచే కోశాధికారికి పూలదండ వేయరు. రోమా 12 ప్రకారం వీరిద్దరికీ ఉన్నది ఆత్మీయ వరమే. వేదిక మీద కనబడేవే వరాలన్న అలవాటు కొరింథు సంఘానికి ఉండేది. దాన్ని సరిదిద్దడానికే పౌలు ఆ అధ్యాయాలు రాశాడు.

ప్రవచనం అంటే జరగబోయేది ముందుగా చెప్పడమేనా?

అది ప్రవచనంలో ఒక భాగం మాత్రమే, అదీ చిన్న భాగం. మొదటి కొరింథీ 14:3 ప్రకారం ప్రవచించేవాడు మనుష్యులకు క్షేమాభివృద్ధి, హెచ్చరిక, ఆదరణ కలిగేలా మాట్లాడతాడు. ఈ మూడింటిలో దేనికీ తేదీలు, పేర్లు, ఫోను నంబర్లు చెప్పడం తప్పనిసరి కాదు. పాత నిబంధన ప్రవక్తల గ్రంథాల్లో కూడా రాబోయే రోజుల గురించిన మాటల పక్కనే ఆనాటి దొంగ త్రాసుల గురించి, కూలివాడికి ఎగవేసిన జీతం గురించి, విధవరాలికి జరిగిన అన్యాయం గురించి ఎంతో ఉంది. ఆమోసు ఎనిమిదో అధ్యాయం చదివితే, ఆ ప్రవక్త చూపు ముందుగా బజారులో ధాన్యం కొలిచే చోట పడిందని తెలుస్తుంది.

భవిష్యత్తు చెప్పినప్పుడు కూడా దాని ఉద్దేశం వేరు. అపొస్తలుల కార్యములు 11:27–30లో అగబు అనే ప్రవక్త అంతియొకయకు వచ్చి గొప్ప కరవు రాబోతున్నదని చెప్పాడు. అది క్లౌదియ చక్రవర్తి కాలంలో, అంటే క్రీ.శ. 41, 54 మధ్యలో వచ్చిందని లూకా రాశాడు. విన్న శిష్యులు అగబు చుట్టూ మూగి, తమ సొంత భవిష్యత్తు అడగలేదు. ఎవరి శక్తికొలది వారు సొమ్ము పోగుచేసి, యూదయలోని సహోదరులకు బర్నబా, సౌలుల చేత పంపించారు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 దాటితే రెండోది, 17.75 దాటితే మూడోది ఇస్తారు. లంక గ్రామాల వాళ్ళు ఆ అంకె విని అధికారి గొప్పతనాన్ని పొగుడుతూ కూర్చోరు. పశువులను గట్టు ఎక్కిస్తారు, బియ్యం బస్తాలు అటక మీదికి చేరుస్తారు. అంతియొకయ సంఘం ఆ మాట విన్న తీరు అలాంటిది. విన్నవారు చేయవలసిన మంచిపని ఏదీ చూపించకుండా, చెప్పినవారి పేరు మాత్రమే పెంచే జోస్యం ఎంత కచ్చితంగా జరిగినా, ఈ కోవలోకి రాదు.

పాత నిబంధన ప్రవక్తలకూ నేటి ప్రవచనానికీ తేడా ఉందా?

ఉంది. యెషయా, యిర్మీయా వంటివారి మాటలు లేఖనంగా మనకు అందాయి. పూర్వకాలంలో ప్రవక్తల ద్వారా మాట్లాడిన దేవుడు ఈ దినముల అంతమందు కుమారుని ద్వారా మాట్లాడాడని హెబ్రీ పత్రిక మొదటి రెండు వచనాలు చెబుతున్నాయి గనుక, నేడు ఎవరి నోట వచ్చిన మాటకూ లేఖనంతో సమానమైన అధికారం లేదు. నేటి ప్రవచనాన్ని నమ్మే సంఘాలలో జాగ్రత్త కలిగిన బోధకులు కూడా ఈ మాటే చెబుతారు.

దీన్ని ఆచరణలో పెట్టడం కష్టమేమీ కాదు. “యెహోవా సెలవిచ్చుచున్నాడు” అని గర్జించడానికి బదులు, “ప్రార్థనలో నా మనసుకు ఈ విషయం తోచింది, మీరు వాక్యంతో పోల్చి చూడండి” అని చెప్పేవాడు తన మాటను సంఘం ముందు పరీక్షకు పెడుతున్నాడు. మొదటి రకంగా మాట్లాడేవారి మాట తప్పితే, ద్వితీయోపదేశకాండము 18:20–22 వారికి ఎంత భారమో వారే ఆలోచించుకోవాలి.

ఈ వరాలు అపొస్తలుల కాలంతోనే ఆగిపోయాయా?

దీనిపై డెల్టాలోని సంఘాలు ఏకాభిప్రాయంతో లేవు; దానికి చరిత్ర ఉంది. బ్రదరెన్ మిషనరీ ఆంథొనీ నారిస్ గ్రోవ్స్‌తో కలిసి 1836లో వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులతో నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో గోదావరి డెల్టా మిషను మొదలైంది. ఆ బ్రదరెన్ సహవాసాల్లో, భాషలు, ప్రవచనం, అద్భుతాలు చేసే వరాలు సంఘ పునాది కాలానికి చెందినవని, లేఖనం పూర్తయ్యాక వాటి అవసరం తీరిందని బోధించడం సాధారణం. రాజమండ్రిలో 1845లో మొదలైన లూథరన్ పనిలోనూ, 1874 నుంచి కాకినాడ కేంద్రంగా జరిగిన కెనడా బాప్టిస్టుల పనిలోనూ బోధకే పెద్దపీట. ఈ వరాల చర్చ అక్కడ ప్రధానం కాలేదు. 1938లో రాజమండ్రిలోనే ముంగమూరి దేవదాసు అయ్యగారు స్థాపించిన బైబిలు మిషనులో మాత్రం దర్శనాలకూ స్వస్థతకూ దేవుని సన్నిధిలో కనిపెట్టడానికీ (అంటే ప్రార్థనలో ఎదురుచూడడానికీ) మొదటి నుంచీ చోటు ఉంది. పెంతెకొస్తు సంఘాలు ఈ వరాలన్నీ నేటికీ ఉన్నాయని నమ్ముతాయి. ప్రపంచవ్యాప్తంగా ఆ ఉద్యమం 1906లో లాస్ ఏంజెలస్‌లోని అజూసా వీధి కూడికలతో వ్యాపించినా, అంతకు ముందటి ఏడాదే పండిత రమాబాయి నడిపిన ముక్తి మిషనులో, మహారాష్ట్రలో, అటువంటి ఉజ్జీవం కనబడింది.

వివాదమంతా మొదటి కొరింథీ 13:8–12 చుట్టూ తిరుగుతుంది. పూర్ణమైనది వచ్చినప్పుడు ప్రవచనాలు నిరర్థకమవుతాయని పౌలు అన్నాడు. ఆ పూర్ణమైనది బైబిలు సంపూర్తి కావడమేనని ఒక పక్షం అంటుంది. అదే భాగంలో “ముఖాముఖిగా” చూడడం గురించి ఉంది గనుక, అది ప్రభువు రాకడ తరువాతి స్థితి అని రెండో పక్షం అంటుంది. మా అభిప్రాయంలో రెండో అర్థమే ఆ వచనాలకు సహజంగా అమరుతుంది. అయినా, ఆగిపోయాయని చెప్పే పెద్దలు చూపించే మోసాలు, అతిశయోక్తులు కల్పితాలు కావు. వరాలను నమ్మేవారే వారి హెచ్చరికను ఎక్కువ శ్రద్ధగా వినాలి.

ప్రవచనాన్ని పరీక్షించడం దైవజనుణ్ణి అవమానించడం కాదా?

కాదు. పరీక్షించకపోవడమే ఆజ్ఞను మీరడం. “ఆత్మను ఆర్పకుడి. ప్రవచించుటను నిర్లక్ష్యము చేయకుడి. సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి” అని మొదటి థెస్సలొనీక 5:19–21 చెబుతుంది. ఈ మూడు మాటలూ వరుసగా ఉన్నాయి. మొదటి రెండు చదివి మూడోదాన్ని వదిలేసే హక్కు ఎవరికీ లేదు. ప్రవక్తలు ఇద్దరు ముగ్గురు మాట్లాడితే తక్కినవారు వివేచించాలని మొదటి కొరింథీ 14:29 నిర్దేశిస్తుంది. అంటే ప్రవచనం చెప్పినవాడి బాధ్యత చెప్పడంతో ముగుస్తుంది, అక్కడి నుంచి బాధ్యత విన్నవారిది. బెరయవారు సాక్షాత్తు పౌలు బోధనే ప్రతిదినం లేఖనాలతో పోల్చి చూశారు. లూకా వారిని తప్పుపట్టలేదు, ఘనులన్నాడు.

ఇక, ప్రశ్నించినవారి నోరు మూయించడానికి తరచుగా వాడే వచనం 105వ కీర్తనలోది: అభిషిక్తులను ముట్టకూడదు, ప్రవక్తలకు కీడు చేయకూడదు. ఆ కీర్తన పన్నెండో వచనం నుంచి చదివితే, ఆ మాట దేశం నుంచి దేశానికి తిరుగుతున్న అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల గురించినదని, వారికి హాని చేయబోయిన రాజులను దేవుడు గద్దించిన సందర్భమని స్పష్టమవుతుంది. బలవంతుడి చేతి నుంచి బలహీనుణ్ణి కాపాడిన వచనాన్ని, మైకు పట్టుకున్నవాడికి కవచంగా, వెనుక చాప మీద కూర్చున్న విశ్వాసికి బెదిరింపుగా తిప్పడం న్యాయం కాదు.

అయితే ఎలా పరీక్షించాలి?

మొట్టమొదట లేఖనం. చెప్పిన మాట వాక్యానికి విరుద్ధమైతే అక్కడితో చర్చ ముగిసింది. భార్యను వదలమని, తల్లిదండ్రులను చూడవద్దని, అప్పు ఎగ్గొట్టమని, పొరుగు కులంవాణ్ణి గుమ్మంలోకి రానివ్వవద్దని దేవుడు ఎవరికీ రహస్యంగా చెప్పడు.

రెండోది, మాట ఎవరిని గొప్పచేస్తున్నది? యేసుక్రీస్తు శరీరధారియై వచ్చాడని ఒప్పుకోవడాన్ని మొదటి యోహాను 4:1–3 ఆత్మలకు పరీక్షగా పెట్టింది. నోటితో ఒప్పుకుంటూనే, సభ అంతటా తన ఉపవాసాల లెక్క, తన దర్శనాల సంఖ్య, తనను కాదన్నవారికి పట్టిన గతి మాత్రమే చెప్పేవారున్నారు. అలాంటి సభ నుంచి ఇంటికి వచ్చాక, ఈరోజు క్రీస్తు గురించి ఏం విన్నామని ఒక్కసారి నెమరు వేసుకుంటే విషయం బోధపడుతుంది.

మూడోది నెరవేర్పు. చెప్పినది జరగకపోతే ఆ మాట దేవునిది కాదని ద్వితీయోపదేశకాండము 18 అంటుంది. చాలామంది ఇక్కడే ఆగుతారు. కాని అదే గ్రంథం పదమూడో అధ్యాయం, చెప్పిన సూచక క్రియ నిజంగా జరిగినా, చెప్పినవాడు ప్రజలను వేరే దేవతల వైపు తిప్పితే వాడి మాట వినకూడదని హెచ్చరిస్తుంది. కనుక ఎవరో మన ఇంటి పేరు, మన బిడ్డ జబ్బు సరిగ్గా చెప్పినంత మాత్రాన వారు తరువాత చెప్పేదంతా దైవవాక్కు అయిపోదు. ఊరిలో ఒకరిద్దరిని వాకబు చేసినా, సెల్‌ఫోనులో ఫోటోలు చూసినా ఆ పాటి వివరాలు దొరికే కాలం ఇది.

నాలుగోది జీవితం. “వారి ఫలములవలన” తెలుసుకోవాలన్న ప్రభువే, తన పేరున ప్రవచించి, దయ్యాలను వెళ్ళగొట్టి, అద్భుతాలు చేసినవారిని సైతం తాను ఎరుగనని చెబుతానన్నాడు. మత్తయి ఏడో అధ్యాయంలో ఈ రెండు మాటలూ పక్కపక్కనే ఉండడం గమనించాలి. వరం ఉండడం పరిశుద్ధతకు రుజువు కాదు.

చివరిగా, తొందర. ఇప్పుడే నిర్ణయించకపోతే ఆశీర్వాదం పోతుందని, ఎవరికీ చెప్పవద్దని ఒత్తిడి చేసే మాటను పక్కన పెట్టడమే మంచిది. యిర్మీయా 28వ అధ్యాయం ఈ విషయంలో పాఠంలాంటిది. బబులోనుకు పోయిన మందిరపు ఉపకరణాలు రెండేళ్ళలోగా తిరిగి వస్తాయని హనన్యా ప్రజలందరి ఎదుట ప్రవచించాడు. అందరూ వినగోరే మాట అది. యిర్మీయా వెంటనే కేకలు వేయలేదు. ఆమేన్, అలాగే జరుగునుగాక అన్నాడు, క్షేమం ప్రకటించే ప్రవక్త మాట నెరవేరినప్పుడే వాణ్ణి దేవుడు పంపినట్టు తెలుస్తుందని గుర్తుచేశాడు. బబులోనుకు లోబడాలన్న గుర్తుగా అతని మెడ మీద ఉన్న కాడిని హనన్యా లాగి విరిచేసినా, తన దారిన తాను వెళ్ళిపోయాడు. దేవుడు తిరిగి మాట్లాడిన తరువాతే వచ్చి, అది అబద్ధమని చెప్పాడు. ఆ సంవత్సరమే ఏడో నెలలో హనన్యా మరణించాడు.

నిజమైన ప్రవచనం కూడా తప్పుగా అర్థమయ్యే అవకాశం ఉందా?

ఉంది, అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయమే దానికి సాక్ష్యం. తూరులోని శిష్యులు ఆత్మ ద్వారా పౌలును యెరూషలేముకు వెళ్ళవద్దన్నారు. కైసరయలో అగబు పౌలు నడికట్టుతో తన కాళ్ళుచేతులు కట్టుకుని, యెరూషలేములో పౌలుకు ఇలా జరుగుతుందని చూపించాడు. అందరూ ఏడ్చి బతిమాలారు. పౌలు మాత్రం వెళ్ళాడు. శ్రమ వస్తుందన్నది నిజం. గనుక వెళ్ళకూడదన్నది వారి ప్రేమ చేర్చుకున్న ముగింపు. దేవుడు చూపినది ఒకటి, దానికి మనం చెప్పుకునే అర్థం రెండోది, దాని మీద మనం తీసుకునే నిర్ణయం మూడోది. మన కూటాల్లో ఈ మూడూ ఒకే ఊపిరిలో వచ్చేస్తాయి, విన్నవారు మూడింటినీ దేవుని మాటగానే ఇంటికి తీసుకెళ్తారు. చిక్కు అక్కడే పుడుతుంది.

పెళ్ళి సంబంధం, గల్ఫ్ వీసా, రొయ్యల చెరువు గురించి ప్రవచనం వచ్చింది. నడుచుకోవచ్చా?

ఆ ఒక్క మాటనే ఆధారం చేసుకుని నడుచుకోకూడదు. పెళ్ళి విషయంలో, ఫలానా అమ్మాయిని దేవుడు నాకు చూపించాడని చెప్పే యువకుడు, ఆ అమ్మాయికి కాదనే స్వేచ్ఛ లేకుండా చేస్తున్నాడు. దేవుడు చూపించి ఉంటే ఆమెకూ చూపించగలడు. అంతవరకు అది అతని కోరిక మాత్రమే. పెద్దలు ఈ సంగతి మొహమాటం లేకుండా చెప్పాలి.

కోనసీమ నుంచీ పశ్చిమ గోదావరి నుంచీ కువైట్, మస్కట్, దుబాయి వెళ్ళే అక్కచెల్లెళ్ళు ప్రయాణానికి ముందు ప్రార్థన చేయించుకోవడం మంచి అలవాటు. కాని వీసా దేవుని చిత్తమని ప్రవచనం రాగానే, పుస్తెలతాడు తాకట్టు పెట్టి ఏజెంటు చేతిలో డబ్బు పోయడం వేరు. ఏజెంటుకు విదేశాంగ మంత్రిత్వ శాఖ కింద నమోదు ఉందో లేదో చూడాలి. 1983 నాటి వలసల చట్టం ప్రకారం ఆ నమోదు తప్పనిసరి. ఒప్పంద పత్రంలో జీతం, పని, యజమాని పేరు రాసి ఉన్నాయో లేదో చదివించుకోవాలి. విజిట్ వీసా మీద పనికి పంపిస్తామనే ఏజెంటు మాట నమ్మకూడదు, వెనుక ఎంత గొప్ప ప్రవచనం ఉన్నా.

చెరువుల సంగతీ అంతే. తెల్లమచ్చ వైరస్ ఒక రాత్రిలో ఎకరాల పంటను గట్టు మీదికి తెచ్చిన అనుభవం భీమవరం, నరసాపురం వైపు రైతులకు కొత్త కాదు. ఈసారి పంట పండుతుందని దేవుడు చెప్పాడని లీజు రెట్టింపు చేసే ముందు, సీడు పరీక్ష చేయించారా, నీటి ఉప్పదనం, పీహెచ్ చూశారా, పోతే తట్టుకునే స్తోమత ఉందా అని అడగడం అవిశ్వాసం కాదు. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూసుకోడా అని అడిగినది ప్రభువే.

స్వస్థత వరం ఉందని నమ్మేవారు మందులు మానవచ్చా?

మానకూడదు. ఇందులో మరో అభిప్రాయానికి తావు లేదు. ఇన్సులిన్, రక్తపోటు మాత్రలు, మూర్ఛ మందులు, డయాలసిస్ ఏవైనా సరే, మార్చవలసి వస్తే వైద్యుడే మార్చాలి. క్షయకు మామూలుగా ఆరు నెలలు మందు వాడాలి, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు. దగ్గు తగ్గింది గనుక స్వస్థత వచ్చిందని రెండో నెలలో ఆపితే, వ్యాధి మందుకు లొంగని రూపంలో తిరిగి రావచ్చు, ఇంట్లో పిల్లలకూ అంటవచ్చు. నాట్ల రోజుల్లో పాము కాటు వేస్తే విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్ళాలి. ప్రార్థన ఆటోలో కూడా చేయవచ్చు.

స్వస్థత కోసం ప్రార్థించడం మాత్రం వాక్యానుసారమే. రోగి సంఘపెద్దలను పిలిపించుకోవాలని, వారు నూనె రాసి ప్రార్థించాలని యాకోబు 5:14 చెబుతుంది. దేవుడు బాగుచేసిన సందర్భాలను కృతజ్ఞతతో చెప్పుకోవాలి. అయితే పౌలు తన శరీరంలో ముల్లులా ఉన్న బాధను తీసేయమని మూడుసార్లు వేడుకుంటే “నా కృప నీకు చాలును” అన్న జవాబు వచ్చింది. తన సహచరుడు త్రోఫిము రోగియై ఉండగా మిలేతులో విడిచి వచ్చానని పౌలే రాశాడు. తిమోతి కడుపు జబ్బుకు ద్రాక్షారసం కొంచెం పుచ్చుకోమన్నాడు. వైద్యుడైన లూకాను ప్రియుడని పిలిచాడు. వీరెవరికీ విశ్వాసం తక్కువని ఎవరూ అనలేదు. క్యాన్సరుతో ఉన్న మనిషితో, నీ విశ్వాసం చాలలేదు గనుక తగ్గలేదని చెప్పడం ఆ రోగం మీద మరో రోగాన్ని మోపడమే. ఇటువంటి మాట విని కుమిలిపోతూ కన్నుమూసినవారు మన సంఘాల్లో ఉన్నారు.

దయ్యం పట్టిందని చెప్పినవారిని ఏం చేయాలి?

ముందు వైద్యుడికి చూపించాలి. మూర్ఛ, తీవ్రమైన కుంగుబాటు, ప్రసవం తరువాత వచ్చే మానసిక వ్యాధి చికిత్సకు లొంగేవి. గొలుసులతో కట్టడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది; కొట్టడానికి బైబిలులో కూడా ఎక్కడా ఆధారం లేదు. ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆత్మల వివేచన వరం ఉన్నవారు సంఘంలో ఉంటే, ఆసుపత్రికి పంపవలసినప్పుడు పంపడం కూడా ఆ వివేచనలో భాగమే.

అన్యభాషలు మాట్లాడనివారు పరిశుద్ధాత్మ పొందనట్టేనా?

అందరూ భాషలతో మాట్లాడుతున్నారా అని పౌలు మొదటి కొరింథీ 12:30లో అడిగిన ప్రశ్నకు, లేదనేదే జవాబు. ఆత్మ ఫలాన్ని గలతీ 5:22 ప్రేమ, సంతోషం, సమాధానంతో మొదలుపెట్టింది. భాషలు ఆ జాబితాలో లేవు. కూడికలో ఇద్దరు, మహా అయితే ముగ్గురు, ఒకరి తరువాత ఒకరు మాట్లాడాలని, అర్థం చెప్పేవాడు లేకపోతే మౌనంగా ఉండాలని 14వ అధ్యాయం ఆదేశించింది. తెల్లవార్లూ హారన్లు పెట్టి జరిపే కూటాల్లో ఈ నియమం ఎంతవరకు నిలుస్తున్నదో నిర్వాహకులే చెప్పాలి. పక్కింట్లో పరీక్షకు చదువుకునే పిల్లవాడు కూడా 14:23లో పౌలు ఆలోచించిన బయటివాడే.

స్త్రీలు ప్రవచించవచ్చా?

పెంతెకొస్తు దినాన పేతురు ఎత్తి చెప్పిన యోవేలు ప్రవచనంలో కుమారులతో పాటు కుమార్తెలూ ఉన్నారు. ఫిలిప్పుకు ప్రవచించే కుమార్తెలు నలుగురు ఉన్నారు. యోషీయా రాజు మనుషులు ధర్మశాస్త్ర గ్రంథం దొరికినప్పుడు హుల్దా అనే ప్రవక్త్రి దగ్గరికి వెళ్ళారు. మొదటి కొరింథీ 11:5 స్త్రీ ప్రవచిస్తుందని భావించే నియమం చెబుతుంది. 14:34లో స్త్రీలకు చెప్పిన మౌనాన్ని దీనితో ఎలా కలిపి అర్థం చేసుకోవాలన్నదానిపై సంఘాలు వేర్వేరు పద్ధతులు పాటిస్తున్నాయి. ఏదైనా, స్త్రీల ప్రార్థన కూటాల మీదే సగం సంఘాలు నిలబడి ఉన్న మన ప్రాంతంలో, వారికి వరం లేదనడం కంటికి కనబడేదాన్ని కాదనడమే.

ప్రవచనం చెప్పినవారికి కానుక ఇవ్వాలా?

సువార్త ప్రకటించేవారు సువార్త వలన జీవించాలన్నది ప్రభువు నియమమే, మొదటి కొరింథీ 9:14లో అది ఉంది. పూరి పాకలో సంఘం నడుపుతూ సైకిలు మీద లంకలు తిరిగే సేవకుణ్ణి పోషించడం విశ్వాసుల బాధ్యత. కాని జీతం వేరు, ప్రవచనానికి వెల కట్టడం వేరు.

సిరియా సైన్యాధిపతి నయమాను తన కుష్ఠు పోయాక ఇవ్వబోయిన కానుకలను, అతను ఎంత బతిమాలినా, ఎలీషా ప్రవక్త ముట్టలేదు. వెనుకనుంచి పరుగెత్తి అడిగి తెచ్చుకున్న ఎలీషా సేవకుడు గేహజీకి ఆ కుష్ఠే అంటుకుంది. ప్రవక్తలు ద్రవ్యం కోసం సోదె చెబుతున్నారని మీకా మూడో అధ్యాయంలో మండిపడ్డాడు. ఫిలిప్పీలో సోదె చెప్పి యజమానులకు లాభం సంపాదించిపెట్టిన చిన్నది పౌలు గురించి చెప్పినది అక్షరాలా నిజమే, అయినా పౌలు ఆ సాక్ష్యాన్ని వాడుకోలేదు. ఆదిసంఘపు నియమావళి అయిన దిదఖే, ఆత్మలో ఉన్నానంటూ తనకు డబ్బు ఇమ్మని అడిగే ప్రవక్త మాట వినవద్దంటుంది, ఇతర పేదల కోసం అడిగితే తప్పుపట్టవద్దంటుంది. ఇంతకంటే సూటైన కొలత దొరకదు.

నీ పేరు మీద దేవుడు మాట్లాడుతున్నాడు, విత్తన కానుక (ఆశీర్వాదం కోసం ముందుగా ఇచ్చే డబ్బు) పంపు అని తెలియని నంబరు నుంచి ఫోను వస్తే, క్యూఆర్ కోడ్ వస్తే, పెట్టేయాలి. నూనె సీసాకు, రుమాలుకు ధర పెడితే కొనకూడదు. “ఉచితముగా పొందితిరి ఉచితముగా ఇయ్యుడి” అన్నది స్వస్థపరచమని శిష్యులను పంపిన సందర్భంలోనే.

డిసెంబరు 31 రాత్రి తీసే వాగ్దాన కార్డు ప్రవచనమా?

కాదు. బైబిలు వచనం అచ్చు వేసిన ఆ కార్డు తీయడం, వాక్యాన్ని గుర్తుంచుకోవడానికి మన సంఘాల్లో ఏర్పడిన ఒక అలవాటు. ఇంట్లో గోడకు అంటించుకుని ఏడాది పొడవునా చదువుకుంటే మేలే. కార్డులో వచ్చిన వచనాన్ని ఆ సంవత్సరపు జాతకంగా చూడడం మాత్రం సరికాదు. ఎక్కువగా కనబడే యిర్మీయా 29:11 సమాధానకరమైన ఉద్దేశాల గురించి చెప్పేది బబులోను చెరలో ఉన్నవారికి. దాని ముందటి వచనంలో డెబ్బై సంవత్సరాలు ఆగాలని ఉంది. కార్డు మీద ఆ డెబ్బై అచ్చు వేయరు.

నాకు ఏ వరం ఉందో ఎలా తెలుస్తుంది?

సంఘంలో కనబడిన పని చేయడం మొదలుపెట్టండి. మీ వల్ల ఎవరికి మేలు కలిగిందో వారే చెబుతారు.

నాకు చెప్పిన ప్రవచనం నెరవేరలేదు. తప్పు నాదేనా?

మీకు సంతానం కలుగుతుందని, ఉద్యోగం వస్తుందని ఒక తేదీతో చెప్పి, అది జరగనప్పుడు, మీలో దాచిన పాపం ఉందని చెప్పినవారు తమ తప్పును మీ మీదికి నెట్టారు. ద్వితీయోపదేశకాండము 18లో మాట జరగకపోతే జవాబు చెప్పవలసినవాడు చెప్పినవాడే. విన్నవాణ్ణి ఆ వచనాలు ఏమీ అనలేదు. మీరు ఆ మాటను నమ్మి ఎదురుచూసినది దేవుని మీది ఆశతోనే గనుక సిగ్గుపడవలసినది లేదు. మీ సంఘపెద్దలలో నమ్మకస్తులైన ఒకరితో మాట్లాడండి, వీలైతే చెప్పిన వ్యక్తితోనే, పెద్దల సమక్షంలో మాట్లాడండి. క్షమాపణ అడిగేవారైతే బంధం నిలుస్తుంది.

ప్రవచన వరాన్ని నమ్మే సంఘం ఏ క్రమం పాటించాలి?

ప్రవక్తల ఆత్మలు ప్రవక్తల స్వాధీనంలో ఉన్నాయని మొదటి కొరింథీ 14:32 చెబుతున్నది గనుక, ఆత్మ నన్ను ఆపనివ్వలేదన్న మాట చెల్లదు. బయటినుంచి వచ్చే ప్రసంగికుణ్ణి పిలిచేముందు అతని సొంత సంఘంలో విచారించాలి. కరపత్రం మీది బిరుదులు విచారణ కావు. వ్యక్తిగతమైన మాట ఏదైనా మైకులో చెప్పకుండా, ఇద్దరు పెద్దల ఎదుట, స్త్రీల విషయంలో ఒక పెద్దావిడ కూడా ఉండగా చెప్పించాలి. చెప్పినదాన్ని తేదీతో ఒక పుస్తకంలో రాసి ఉంచాలి. ఏడాది తరువాత తిరగేస్తే ఎవరి మాట ఎలా నిలిచిందో ఊహించనక్కరలేదు. పెళ్ళి, వైద్యం, ఆస్తి, ప్రయాణం గురించిన మాటలను నిర్ణయాలుగా ప్రకటించకూడదు. పరీక్షకు ఒప్పుకోనివారికి, ఎంత పేరున్నవారైనా, మరుసటి కూటంలో మైకు ఇవ్వకూడదు.